కామవరపుకోట చేలో నాలుగు మాటలు: కౌలు, కూలి, వడ్డీ, లాభం

ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి ఆర్థికశాస్త్రాన్ని ఏళ్ల తరబడి పాలంపూర్ అనే ఊరి కథతో మొదలుపెట్టారు. అది ఊహించి రాసిన ఊరు. అక్కడ 450 కుటుంబాలు. భూమిలో ఎక్కువ భాగం 80 అగ్రకుల కుటుంబాల చేతిలో ఉంటుంది. దళితులు జనాభాలో మూడో వంతు, వాళ్ల ఇళ్లు ఊరికి ఒక మూల. పరీక్షలో మాత్రం అడిగేది 'ఉత్పత్తి కారకాలు ఏవి?' అని. కాబట్టి కారకాల పేర్లు కంఠస్థం అవుతాయి, అవి ఎవరి చేతిలో ఉన్నాయన్నది పేజీలోనే ఉండిపోతుంది. ఏలూరు జిల్లా కామవరపుకోట లాంటి మెట్ట మండలంలో చదివే పిల్లలకు, వాళ్లతో కూర్చుని పాఠం చెప్పే కార్యకర్తలకు ఆ రెండిటినీ కలిపి చెప్పాలన్నది మా ప్రయత్నం.

పంట పండాలంటే భూమి కావాలి, శ్రమ కావాలి, మూలధనం కావాలి. వీటన్నిటినీ ఒకచోట చేర్చి, నష్టం వస్తే భరించే మనిషి కావాలి. మూలధనంలో రెండు రకాలు. బోరు, మోటారు, పొగాకు కాల్చే బ్యారన్ ఏళ్ల తరబడి ఉంటాయి, ఇది స్థిర మూలధనం. విత్తనం, ఎరువు, కూలి డబ్బులు ఆ పంటతోనే ఖర్చయిపోతాయి, ఇది నిర్వహణ మూలధనం. పండినదాంట్లో భూమికి వచ్చే వాటా కౌలు (పుస్తకం దీన్ని భాటకం అంటుంది). శ్రమకు కూలి, అప్పిచ్చిన డబ్బుకు వడ్డీ, నష్టభయం మోసినవాళ్లకు లాభం. ఒకే ఇంట్లోకి కౌలు, వడ్డీ, లాభం మూడూ వచ్చే కుటుంబాలున్నాయి. మన పేటల్లో ఎక్కువ ఇళ్లకు వచ్చేది కూలి ఒక్కటే.

కూలి నుంచి ఒక మెట్టు పైకి రావాలని మనవాళ్లు కౌలుకు దిగుతారు. అక్కడ ఏం జరుగుతుందో ఒక ఎకరం మొక్కజొన్నతో చూద్దాం. ధర తప్ప మిగతా అంకెలు లెక్క కోసం అనుకున్నవి, మీ ఊరివి వేసుకుని మళ్లీ చేయండి. దిగుబడి 35 క్వింటాళ్లు. 2025-26కి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 2,400 రూపాయలు. ఆ ధరే దొరికిందనుకుంటే రాబడి 84,000. విత్తనం, ఎరువు, దుక్కి, కూలీలకు 35,000 ఖర్చు. కౌలు 30,000. మిగిలింది 19,000. ఖర్చుకు తెచ్చిన 35,000 మూడు రూపాయల వడ్డీకి ఆరు నెలలు వాడితే 6,300 పోతుంది. చేతిలో 12,700.

ఇది లాభమా? భార్యాభర్తలిద్దరూ చెరో 30 రోజులు ఆ చేలో పనిచేశారనుకోండి. ఎవరూ చెల్లించని ఈ శ్రమను ఆర్థికశాస్త్రం అవ్యక్త వ్యయం అంటుంది. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌కు నిర్ణయించిన ఉపాధి హామీ కూలి 307 రూపాయల చొప్పున కట్టినా 60 రోజులకు 18,420. అంటే మద్దతు ధర దక్కిన ఏడాదిలో కూడా సొంత చేలో కూలి గిట్టలేదు. ఇక వ్యాపారి 2,000కే కొన్నాడనుకోండి, రాబడి 70,000కు పడిపోతుంది, ఖర్చులూ కౌలూ వడ్డీ పోగా 1,300 ఎదురు అప్పు. ధర 2,400 అయినా 2,000 అయినా యజమానికి వెళ్లే 30,000 మాత్రం కదల్లేదు. కౌలు ముందే ఖాయమైన ఆదాయం, లాభం అందరికీ ఇచ్చాక మిగిలేది. నష్టభయం మోసినందుకు ప్రతిఫలం లాభం అని పుస్తకం చెబుతుంది. ఇక్కడ భయం కౌలుదారు దగ్గరే ఉంది, ప్రతిఫలం ఎటు పోయిందో లెక్కలో కనిపిస్తూనే ఉంది.

వడ్డీ దగ్గర కాస్త ఆగాలి. మన ఊళ్లలో 'మూడు రూపాయల వడ్డీ' అంటే నూటికి నెలకు మూడు, ఏడాదికి 36 శాతం. బ్యాంకు పంట రుణం మూడు లక్షల వరకు 7 శాతం, సకాలంలో కడితే 4 శాతమే పడుతుంది. అదే 35,000కు ఆరు నెలలకు 7 శాతం చొప్పున 1,225. ఒకే చేను, ఒకే పంట, ఒకే అప్పు. తేడా 5,075 రూపాయలు, ఆ తేడా పుట్టింది కాగితం దగ్గర. బ్యాంకు పట్టాదారు పాస్‌బుక్ అడుగుతుంది. అది యజమాని దగ్గర ఉంటుంది, చాలాసార్లు ఆ భూమి మీద రుణం కూడా ఆయనే తీసుకుని ఉంటాడు. 2011 చట్టం కౌలుదారులకు రుణ అర్హత కార్డులు తెచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల ఒప్పందం మీద కార్డు ఇస్తుంది, దానివల్ల భూమి మీద ఏ హక్కూ రాదని స్పష్టంగానే చెబుతుంది. అయినా ఒప్పందం మీద యజమాని సంతకం కావాలి. సంతకం పెట్టకపోతే కార్డు లేదు, కార్డు లేకపోతే పంట రుణం, బీమా, నష్టపరిహారం దక్కడం కష్టం.

ఇప్పుడు ఈ మెట్టలో కళ్లెదురుగా జరుగుతున్న మార్పు పామాయిల్ తోటలు. పెదవేగిలో జాతీయ ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉన్నది ఊరికే కాదు, ఈ పంటకు ఈ ప్రాంతం అంత ముఖ్యం. ఒకటి ఎంచుకున్నందుకు వదులుకున్న రెండోదాని విలువను అవకాశ వ్యయం అంటారు. యజమాని కౌలు డబ్బును వదులుకుని తోట వేస్తాడు, ఆ లెక్క ఆయనకు గిట్టుబాటే. కానీ తోట 25 ఏళ్లకు పైగా ఉంటుంది. అన్నేళ్లూ ఆ ఎకరం కౌలుకు దొరకదు. కౌలుకు దొరికే భూమి తగ్గి, అడిగేవాళ్లు తగ్గకపోతే మిగిలిన భూమి కౌలు పెరుగుతుంది. సరఫరా, గిరాకీ అంటే ఇదే. పొగాకులో నాట్లు, తలలు తుంచడం, ఆకు రెలవడం, కట్టడం, గ్రేడింగ్ అని నెలల తరబడి ఆడవాళ్లకు పని. పామాయిల్ తోటకు అంతమంది అక్కర్లేదు, గెలలు కోసే పని ఎక్కువగా మగవాళ్లకే వెళుతుంది. తోట వేసిన మూడు నాలుగేళ్లకు గానీ కాపు రాదు, అంతవరకు ఆగగలగడం కూడా మూలధనమే.

ఎకరం, అరెకరం ఉన్న మనవాళ్ల సంగతేమిటి? చిన్న కమతమే భారత వ్యవసాయానికి జబ్బు అని అందరూ అంటున్న రోజుల్లో, 1918లో, బాబాసాహెబ్ అంబేద్కర్ చిన్న కమతాల మీద ఒక వ్యాసం రాశారు. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు. కమతం గిట్టుబాటయ్యేదీ కానిదీ దాని వైశాల్యం తేల్చదు, దాని మీద పెట్టగలిగే శ్రమ, మూలధనం పాళ్లు తేలుస్తాయి అన్నారు. పనిముట్లు అంత తక్కువగా ఉన్నప్పుడు ఉన్న కమతాలే మోయలేనంత పెద్దవి అని కూడా వాదించారు. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ, బోరు లేని అసైన్డ్ ఎకరం ఉన్న ఇంటికి ఇది వెంటనే అర్థమవుతుంది. నీళ్లు లేవు, పెట్టుబడి లేదు. పక్కన బోరున్న ఆసామి కౌలుకు అడుగుతాడు, ఇచ్చేస్తారు. కొన్నేళ్లకు గట్టు చెరిగిపోతుంది.

1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం అమ్మకంతో పాటు కౌలును కూడా బదలాయింపుగానే చూసింది. 2023 సవరణ 20 ఏళ్లు దాటిన పట్టాదారుకు అమ్ముకునే హక్కు ఇచ్చింది. అందుకని ఇంట్లో డి-పట్టా ఉంటే ముందు దాని మీది తేదీ, సర్వే నంబరు రాసుకోండి. ఇప్పుడు ఆ చేలో ఎవరు సాగు చేస్తున్నారో, ఎప్పటినుంచో పక్కనే రాయండి. చట్టానికి విరుద్ధంగా చేతులు మారిన భూమిని వెనక్కి తీసుకుని మొదటి పట్టాదారుకో, అతని వారసులకో ఇచ్చే అధికారం 1977 చట్టంలోనే ఉంది. దరఖాస్తు పెట్టాల్సింది తహసీల్దార్ కార్యాలయంలో.