బ్యాటిల్ ర్యాప్: లిరిక్స్, డెలివరీల చరిత్ర

బ్యాటిల్ ర్యాప్ అంటే ఇద్దరు ర్యాపర్లు జనం ముందు ఎదురెదురుగా నిలబడి, ప్రాస కట్టిన మాటలతో ఒకరినొకరు దెప్పుతూ, ఎత్తిపొడుస్తూ తలపడే పోటీ. న్యూయార్క్‌లోని బ్రాంక్స్, హార్లెం పేటల్లో హిప్‌హాప్‌తో పాటే ఎదిగింది. ఇందులో గెలుపోటములను తేల్చేవి రెండు. మొదటిది లిరిక్స్: ప్రాస, శ్లేష, పోలిక, ప్రత్యర్థి బలహీనతను పసిగట్టే తెలివి. రెండోది డెలివరీ: గొంతు, ఊపిరి, విరుపు, ఒంటి కదలిక, హాలును గుప్పిట్లో పెట్టుకునే నేర్పు. వీటిలో ఏది మిన్న అన్న వాదన ఈ కళ పుట్టినప్పటి నుంచీ ఉంది. వేదిక మారినప్పుడల్లా మొగ్గు కూడా మారుతూ వచ్చింది.

మూలాలు

ఆఫ్రికన్ అమెరికన్ వాడల్లో ‘డజన్స్’ అనే మాటల ఆట పాతది. ఇద్దరు ఒకరి ఇంటివాళ్లను మరొకరు, ముఖ్యంగా తల్లులను, ఎగతాళి చేసుకుంటారు. కోపం తెచ్చుకున్నవాడు ఓడినట్టే. చుట్టూ మూగినవాళ్ల నవ్వే తీర్పు.

1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ పాటలు వేసిన పార్టీని హిప్‌హాప్‌కు పుట్టినరోజుగా చెప్పుకుంటారు. ఆ రోజుల్లో మైకు పట్టుకున్న ఎంసీ ముఖ్యమైన పని జనాన్ని హుషారెక్కించడం, తాను ఒక కేక వేసి వాళ్ల చేత బదులు పలికించడం. అందుకే తొలినాళ్లలో డెలివరీదే పైచేయి.

1981: హార్లెం వరల్డ్

1981 డిసెంబరులో హార్లెం వరల్డ్ క్లబ్బులో జరిగిన పోటీ ఈ చరిత్రలో పెద్ద మలుపు. జనాన్ని ఊపేయడంలో బిజీ బీ స్టార్‌స్కీకి సాటి లేదని పేరు. తనను ఓడించేవాడు లేడని గొప్పలు పోయాడు కూడా. ట్రెచరస్ త్రీ బృందానికి చెందిన కూల్ మో డీ వేదికెక్కి అతన్నే లక్ష్యం చేసుకున్నాడు. కేకలు వేయించే పద్ధతిని వెక్కిరించాడు, ఇతరుల ప్రాసలు వాడుకుంటున్నాడని నిలదీశాడు. ఇదంతా చిక్కగా అల్లిన ప్రాసల్లో, వేగంగా, తడబాటు లేకుండా సాగింది. ఆ రికార్డింగు క్యాసెట్లలో చేతులు మారుతూ ఊరంతా పాకింది. ఎంసీని రాత బలంతోనూ కొలవాలన్న పట్టింపు ఆ తర్వాత గట్టిపడింది. అయితే మో డీ గొంతులోని ధాటి లేకపోతే ఆ మాటలకు అంత దెబ్బ ఉండేది కాదు.

బీటు మీద ఫ్రీస్టైల్

1990లలో బీటు మీద అప్పటికప్పుడు కట్టి పాడే ఫ్రీస్టైల్ పోటీలకు ఆదరణ పెరిగింది. సిన్సినాటిలో 1996లో మొదలైన స్క్రిబుల్ జామ్ వీటిలో పేరు మోసింది. 1997లో అక్కడ ఎమినెం, ఎంసీ జ్యూస్ చేతిలో ఓడిపోయాడు. 2000ల తొలి ఏళ్లలో బీఈటీ చానల్‌లో వచ్చిన ‘ఫ్రీస్టైల్ ఫ్రైడే’లో జిన్ అనే ర్యాపర్ వరుసగా ఏడుసార్లు గెలిచాడు. 2002లో వచ్చిన ‘8 మైల్’ సినిమా ఈ పోటీలను ప్రపంచానికి పరిచయం చేసింది. అందులో కథానాయకుడు తన లోపాలన్నీ తానే ముందుగా బయటపెట్టి, ప్రత్యర్థికి అనడానికి మాటే లేకుండా చేస్తాడు.

ఈ పోటీల్లో సమయం తక్కువ, బీటు ఎవరి కోసమూ ఆగదు. ప్రాస కాస్త పలచగా ఉన్నా, లయ తప్పకుండా సమయానికి తగిన చురక వేస్తే జనం మెచ్చేవారు.

బీటు లేని వేదిక

2000ల మొదట్లో న్యూయార్క్‌లో ‘స్మాక్ డీవీడీ’లు వీధుల్లో బీటు లేకుండా జరిగే పోటీలను ఇళ్లకు చేర్చాయి. 2008లో అమెరికాలో గ్రైండ్ టైమ్, టొరంటోలో కింగ్ ఆఫ్ ద డాట్, బ్రిటన్‌లో డోంట్ ఫ్లాప్, 2009లో న్యూయార్క్‌లో యూఆర్‌ఎల్ లీగులు మొదలయ్యాయి. ఈ లీగుల్లో ప్రత్యర్థి ఎవరో ముందే తెలుస్తుంది. వారాల తరబడి రాసుకుని, కంఠస్థం చేసుకుని వస్తారు. ఎక్కువగా ఒక్కొక్కరికి మూడు రౌండ్లు.

బీటు పోవడంతో ప్రతి మాటా స్పష్టంగా వినిపించసాగింది, రెండు మూడు అర్థాల శ్లేషలకు చోటు దొరికింది. అదే సమయంలో లయ భారమంతా గొంతు మీదే పడింది. పంచ్‌లైన్ పలికే తీరు చూస్తే ఇది తెలుస్తుంది. ముందు రెండు మూడు పాదాల్లో రంగం సిద్ధం చేస్తారు. ఆఖరి మాటకు ముందు క్షణం ఆగుతారు. మాట పడగానే హాలు హోరెత్తుతుంది. ఆ హోరులోనే తర్వాతి పాదం అందుకుంటే అది వినబడక వృథా అవుతుంది. మరీ ఎక్కువసేపు ఆగితే వేడి చల్లారుతుంది. కాబట్టి ఎక్కడ ఆగాలో రాసేటప్పుడే లెక్క వేసుకోవాలి.

2012: రెండు పోటీలు

2012లో లాస్ ఏంజెలెస్‌లో కింగ్ ఆఫ్ ద డాట్ వేదిక మీద కానిబస్, డిజాస్టర్ తలపడ్డారు. ఆల్బమ్‌లలో చిక్కని రాతకు కానిబస్‌ది పెద్ద పేరు. అలాంటివాడు ఆఖరి రౌండ్‌లో నోట్‌బుక్ తీసి చూసి చదవసాగాడు. జనం నివ్వెరపోయారు. కాగితం మీది పాండిత్యం నోటికి రాకపోతే వేదిక మీద అక్కరకు రాదని అందరికీ తెలిసొచ్చింది.

అదే ఏడాది యూఆర్‌ఎల్ ‘సమ్మర్ మ్యాడ్‌నెస్ 2’లో లోడెడ్ లక్స్, కాలికోతో పోటీకి శవయాత్ర సన్నాహంతో వచ్చాడు. మందలించే పెద్దమనిషిలా, తొందర లేకుండా మాట్లాడుతూ ప్రత్యర్థి జీవితాన్నే తప్పుపట్టాడు. ఆ పోటీలో రాతను, నటనను విడదీసి చూడలేం.

హాలు, కెమెరా, తీర్పు

ఒకే పోటీ హాల్లో ఒకలా, వీడియోలో మరోలా అనిపిస్తుంది. అభిమానులు ‘ఇన్ ద బిల్డింగ్’, ‘ఆన్ క్యామ్’ అని రెండు తీర్పులు ఇవ్వడం అందుకే. బాల్టిమోర్‌కు చెందిన టే రాక్ ఉద్ధృతి హాలును ఊపేస్తుంది. ఫీనిక్స్‌కు చెందిన రమ్ నిటీ నింపాదిగా పలికే పంచ్‌లలోని మడతలు మళ్లీ మళ్లీ వింటే విడతాయి. కింగ్ ఆఫ్ ద డాట్‌లో చాలా పోటీలకు న్యాయనిర్ణేతలు ఉండేవారు. యూఆర్‌ఎల్‌లో ఎక్కువగా తీర్పు అభిమానులకే వదిలేస్తారు, అందుకే వాదన ఏళ్ల తరబడి సాగుతుంది.

ఇతర దేశాల్లో

ఫిలిప్పీన్స్‌లో 2010లో మొదలైన ఫ్లిప్‌టాప్ లీగ్‌ను అక్కడివారు 1924లో పుట్టిన పద్య వాదన ‘బలగ్తాసన్’తో పోల్చుకుంటారు. స్పానిష్ మాట్లాడే దేశాల్లో ‘బటయ్యా దె లోస్ గయ్యోస్’ వంటి పోటీలు బీటునూ ఫ్రీస్టైల్‌నూ నిలుపుకున్నాయి. భారతీయ ప్రేక్షకుల్లో చాలామందికి ఈ కళ రుచి చూపింది 2019 నాటి హిందీ సినిమా ‘గల్లీ బాయ్’.

అంచనా

మో డీ గెలుపును రాతకు, టే రాక్ గెలుపును డెలివరీకి కట్టబెట్టడం తేలిక. కానీ మో డీకి ధాటి ఉంది, టే రాక్‌కు రాత ఉంది. డెలివరీ రాత పూర్తయ్యాక పైన వేసే పూత అనుకునేవారు ఈ కళను సగమే చూసినట్టు. బ్యాటిల్ ర్యాపర్ రాసేది చదువరి కోసం కాదు, ఎదుట నిలబడి తనను వినే ప్రత్యర్థి కోసం, ఆ ఇద్దరినీ చుట్టుముట్టిన జనం కోసం. వాళ్లకు ఎలా వినిపిస్తుందో తెలిసి రాయడమే ఇక్కడ అసలైన రచనా ప్రతిభ.