ఊరు కాని ఊరు: రిసాలి చెప్పే చరిత్ర

‘ఊరు కాని ఊరు, భాష కాని భాష’ అన్న తెలుగు పలుకుబడిలో వలస వెళ్లిన మనిషి ఒంటరితనమంతా ఇమిడి ఉన్నది. అయితే ఆ మాట పలికేది సాధారణంగా వెళ్లినవాడే. అతడు అడుగుపెట్టిన నేలపై తరతరాలుగా నివసిస్తున్నవానికి కూడా ఒకనాడు అదే మాట వర్తించవచ్చునన్న సంగతి చరిత్రలో అరుదుగా చర్చకు వస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో, భిలాయి ఉక్కు నగరంలో భాగంగా ఎదిగిన రిసాలి ఈ రెండు అనుభవాలకూ సాక్షి.

1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం భిలాయి కర్మాగారానికి పునాది. దల్లీ-రాజహరా ఇనుప ఖనిజం, నందిని సున్నపురాయి, తాండుల జలాశయపు నీరు, హౌరా-ముంబయి రైలు మార్గం ఆ స్థల నిర్ణయానికి దోహదం చేశాయి. ఏటా 10 లక్షల టన్నుల ఉక్కు లక్ష్యంగా నిర్మాణం సాగింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. వరి పొలాల నడుమ ఒక కొత్త నగరం వెలసింది.

ఆ నగరానికి చేరిన తెలుగువారిలో ఉత్తరాంధ్ర ప్రాంతం నుంచి వెళ్లినవారు ఎందరో ఉన్నారు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడల మీదుగా రాయపూర్‌కు 1931 నాటికే పూర్తయిన రైలు మార్గం వారికి దారి చూపింది. అక్కడ అడుగుపెట్టిన తెలుగువాడు స్థానికుల దృష్టిలో ‘పరదేశియా’. కాని అతని పొరుగున ఉన్న మలయాళీ, బెంగాలీ, పంజాబీ, బిహారీ కూడా పరదేశియాలే. క్వార్టర్ల కేటాయింపులో కులమో ప్రాంతమో కాక ఉద్యోగ హోదా ప్రధానమైంది. అందరూ కొత్తవారే అయినచోట కొత్తదనం ఎవరికీ వెలితిగా మిగలలేదు. బయట హిందీ, ఇంట తెలుగు అలవాటయ్యాయి. సెక్టార్-5లోని బాలాజీ మందిరం వారికి పుట్టినూరి జ్ఞాపకాన్ని నిలిపే నెలవైంది.

ఈ కథకు మరొక పార్శ్వం ఉన్నది. నగరంలోని పెక్కు సెక్టార్లకు అంకెలే పేర్లు కాగా రిసాలి, మరోదా, రుఆబాంధా అన్నవి పాత పల్లెల పేర్లు. కర్మాగారానికి భూములిచ్చిన పల్లెల రైతులు తొలినాళ్లలో కొలిమి పనికి జంకారు. కొలిమి నిలబడాలంటే నరబలి ఇవ్వవలసి ఉంటుందన్న వదంతి వారిలో వ్యాపించింది. భిలాయిపై దీర్ఘకాలం పరిశోధన చేసిన మానవ శాస్త్రవేత్త జొనాథన్ పారీ ఈ భయాన్ని నమోదు చేశారు. ఆ భయం తొలగి స్థానికులు ఉద్యోగాలను ఆశించే నాటికి అనేక స్థానాలు బయటివారితో నిండిపోయాయి. ఊరు విడిచి ఎక్కడికీ వెళ్లకుండానే గ్రామస్థుడు ఊరు కాని ఊరిలో నిలిచాడు.

తెలుగు పాఠకునికి ఈ వేదన అపరిచితమైనది కాదు. ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ అన్న నినాదంతో 1966లో ఉద్యమం చెలరేగింది. ప్రాణత్యాగాల అనంతరం కర్మాగారం సాధించుకున్నా, దానికి భూములిచ్చిన పల్లెవాసులు ‘ఆర్ కార్డులు’ చేతబట్టుకొని ఉద్యోగాల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. అక్కడ భూమి కోల్పోయినవాడు, వచ్చినవాడు పలికిన భాష చాలావరకు ఒకటే. కనుక పరాయితనానికి భాషాభేదం ఒక్కటే కారణం కాదని, జీవనాధారం చేజారడమే దానికి మూలమని స్పష్టమవుతున్నది.

1991 తరువాతి ఆర్థిక సంస్కరణల కాలంలో శాశ్వత ఉద్యోగాలు తగ్గి, కాంట్రాక్టు పనులు పెరిగాయి. తండ్రికి దొరికిన భద్రత కొడుకుకు దొరకని స్థితి స్థానికునికీ, వలస వచ్చినవాని సంతానానికీ సమానమైంది. భిలాయిలో పుట్టి పెరిగిన తెలుగు బిడ్డకు తాతగారి శ్రీకాకుళం పల్లెయే నేడు ఊరు కాని ఊరు. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం అవతరించడంతో ఆ నేల భాషకు, పేరుకు కొత్త గౌరవం లభించింది. రిసాలి పేరుతోనే నగరపాలక సంస్థ ఏర్పడి, 2021 డిసెంబరులో దానికి తొలి ఎన్నికలు జరిగాయి.

పల్లె పోయినా పేరు నిలిచింది. ఆ పేరును తన చిరునామాగా రాసుకునే ప్రతి తెలుగు కుటుంబమూ దానిని తనకంటే ముందు పలికినవారికి ఋణపడి ఉన్నది. ఆ ఋణాన్ని గుర్తించిన నాడే పరాయి నేల సొంత ఊరవుతుంది.