కప్ప కాలి నుండి పుట్టిన మాట

గాల్వనైజ్డ్ రేకు, గాల్వనైజ్డ్ బకెట్టు మన ఇళ్ళలో అందరూ ఎరిగినవే. తుప్పు పట్టకుండా జింకు పూత పూసిన ఇనుమని వాటి అర్థం. ఇంగ్లీషులో ఈ ‘గాల్వనైజ్’ అనే క్రియకే మరొక అర్థం ఉన్నది: జడంగా ఉన్న మనిషిలోగాని, సంఘంలోగాని ఒక్కసారిగా చైతన్యం కలిగించడం. ఇనుప బకెట్టుకూ, మనిషి ఉత్సాహానికీ సంబంధమేమిటి?

ఈ మాటలో ఒక శాస్త్రజ్ఞుని పేరున్నది. లూయీజీ గాల్వానీ (1737-1798) ఇటలీలోని బొలోన్యా నగరంలో శరీర నిర్మాణ శాస్త్రాచార్యుడు. ఒకనాడు ఆయన ప్రయోగశాలలో విద్యుద్యంత్రం నుండి నిప్పురవ్వ వెలువడిన క్షణంలోనే, కోసి ఉంచిన కప్ప నరానికి చాకు మొన తగిలింది. చచ్చిన కప్ప కాలు తన్నుకొన్నది! తరువాత ఇత్తడి కొక్కెంతో ఇనుప కమ్మీలకు తగిలించినపుడు, యంత్రం లేకుండానే కాలు కదిలింది. విద్యుత్తు జంతు శరీరంలోనే ఉన్నదని ఆయన 1791లో ప్రకటించాడు.

పావియాలోని భౌతిక శాస్త్రాచార్యుడు వోల్టా దీనిని మొదట ఒప్పుకొని, తరువాత ఖండించాడు. విద్యుత్తు రెండు వేర్వేరు లోహాల కలయిక వలన పుడుతుందనీ, కప్ప కాలు దానిని తెలియజేసే సాధనం మాత్రమేననీ ఆయన వాదం. గాల్వానీ లోహాలు లేకుండానే కండరాన్ని కదిలించి చూపాడు. కాని 1798లో, నెపోలియన్ స్థాపించిన కొత్త ప్రభుత్వానికి విధేయతా ప్రమాణం చేయనన్నందుకు పదవి పోగొట్టుకొని, ఆ ఏడే కన్నుమూశాడు. 1800లో వోల్టా వెండి, జింకు బిళ్ళల నడుమ ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలు పేర్చి మొదటి బ్యాటరీని ప్రకటించాడు. గెలుపు వోల్టాదే అనిపించింది.

1803లో గాల్వానీ మేనల్లుడు ఆల్డీనీ లండనులో, ఉరితీయబడిన నేరస్థుని శవానికి విద్యుత్తు తగిలించగా దవడ వణికింది, ఒక కన్ను తెరుచుకొన్నది. ఇటువంటి ప్రదర్శనల వలన, నిశ్చలమైన దానిని కదిలించడమనే అర్థం ‘గాల్వనైజ్’కు స్థిరపడింది.

మరి బకెట్టు సంగతి? 1837లో ఫ్రాన్సులో సొరెల్ అనే ఇంజనీరు ఇనుమును కరిగిన జింకులో ముంచే పద్ధతికి పేటెంటు పొందాడు. ఆ పనిలో విద్యుత్ప్రవాహం అవసరమే లేదు. కాని పూత గీసుకుపోయినచోట తేమ చేరితే, ఇనుమూ జింకూ కలిసి చిన్న విద్యుద్ఘటమవుతాయి. జింకు తాను క్షయించి ఇనుమును కాపాడుతుంది. అంటే బకెట్టుపై ఉన్న పేరు గాల్వానీది, అందులో పనిచేసే సూత్రం వోల్టాది.

గాల్వానీ చెప్పినదీ వ్యర్థం కాలేదు. నరాలలో సోడియం, పొటాషియం అయానుల కదలిక వలన విద్యుత్సంకేతాలు నడుస్తాయని హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లో వివరించి, 1963లో నోబెల్ బహుమానం పొందారు. లోహాల విషయంలో వోల్టా, ప్రాణుల విషయంలో గాల్వానీ సత్యం పలికారు. ఆ ఇద్దరి సత్యాలూ నేటికీ ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి.