పొగలేని పొయ్యి కథ

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలలో సరుగుడు కట్టెలు, తాటికమ్మలు చిరకాలము వంటచెరకుగా ఉపయోగపడినవి. పొయ్యిపొగలో పూర్తిగా మండని ఇంధనముండును. అనగా పొగ కట్టెను వృథాచేయుటయేగాక, వండు స్త్రీల కండ్లకును, ఊపిరితిత్తులకును కీడు కలిగించును.

హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన ఎస్. పి. రాజు దీనికి ఉపాయము కనుగొనిరి. ఆయన రూపొందించిన మట్టిపొయ్యిలో ఒకే మంటపై పెక్కు పాత్రలు ఉడుకును. పొగ గొట్టముద్వారా వెలుపలికి పోవును. దీనిపై ఆయన ఆంగ్లగ్రంథము 1953లో మద్రాసున వెలువడెను. 1980వ దశకమున కేంద్రప్రభుత్వము పొగలేని పొయ్యిలను దేశమంతట ప్రచారము చేసెను. కాని మసి తీయక గొట్టములు పూడుకొనగా, పెక్కు పొయ్యిలు మూలబడినవి.

పచ్చికట్టెలోని కిలో నీరు మరుగుచు ఆవిరియగుటకే సుమారు 540 కిలోకాలరీలు ఖర్చగును. కావున పొయ్యి ఎంత మంచిదైనను కట్టె ఎండియుండవలెను. గొట్టము శుభ్రముగా నుండవలెను.