రిటైనర్ (దంతవైద్యం)

రిటైనర్ అనేది వంకర పళ్ళను వరుసలోకి తెచ్చే ఆర్థోడాంటిక్ చికిత్స ముగిసిన తరువాత, పళ్ళు తిరిగి పాత స్థానాలకు పోకుండా నిలిపి ఉంచటానికి వాడే దంత పరికరం. ఈ చికిత్సలో పళ్ళకు అమర్చే తీగలను, బ్రాకెట్లను తెలుగునాట సాధారణంగా "క్లిప్పులు" అని పిలుస్తారు. క్లిప్పులు పళ్ళను జరుపుతాయి, రిటైనర్ జరిపిన పళ్ళను అక్కడే ఉంచుతుంది. క్లిప్పులు తీసిన రోజుతో చికిత్స పూర్తయిందని భావించి రిటైనర్‌ను వదిలివేయటం వలన, ఏడాదిన్నర నుండి రెండున్నరేళ్ళ పాటు సాగిన చికిత్స ఫలితం కొద్ది నెలలలోనే పాడుకావచ్చు. క్లిప్పులు తీసిన వెంటనే పళ్ళు కొద్దిగా కదులుతున్నట్లు అనిపించటం చాలా మందిలో కనిపించే విషయం. ఇందులో సహజమైనదీ, వైద్యునికి చూపించవలసినదీ రెండూ ఉన్నాయి.

పళ్ళు ఎందుకు కదులుతాయి

పన్ను దవడ ఎముకలో మేకులాగా బిగించబడి ఉండదు. పంటి వేరుకూ ఎముకకూ మధ్య పెరియోడాంటల్ లిగమెంట్ అనే సన్నని పీచు పొర ఉంటుంది. దీని మందం సుమారు పావు మిల్లీమీటరు. నమిలేటప్పుడు కలిగే ఒత్తిడిని ఈ పొర ఊయల వలె భరిస్తుంది. ఆరోగ్యవంతమైన పన్ను కూడా కంటికి ఆననంత స్వల్పంగా కదలటానికి కారణం ఇదే.

క్లిప్పు తీగ పన్ను మీద కొద్దిపాటి బలాన్ని నిరంతరంగా చూపినప్పుడు, పన్ను జరిగే వైపు ఎముక కరుగుతుంది, వెనుక వైపు కొత్త ఎముక ఏర్పడుతుంది. ఈ క్రమంలో పీచు పొర వెడల్పవుతుంది. చికిత్స ముగిసేనాటికి పన్ను కొత్త చోటికి చేరినా దాని చుట్టూ ఉన్న ఎముక, పీచు ఇంకా గట్టిపడి ఉండవు. అవి సర్దుకునే కాలం ఒక్కొక్కదానికి ఒక్కో విధంగా ఉంటుంది:

* వేరు చుట్టూ ఉన్న పీచు పొర తిరిగి కుదురుకోవటానికి సుమారు 3 నుండి 4 నెలలు పడుతుంది.
* చిగుళ్ళలోని కొల్లాజెన్ పీచులకు 4 నుండి 6 నెలలు పడుతుంది.
* ఎముక అంచుకు పైన, పంటి మెడ చుట్టూ ఉండే సాగే పీచులకు ఏడాది వరకూ పట్టవచ్చు.

మూడవ రకపు పీచులు సాగదీసిన రబ్బరు వలె పన్నును వెనుకకు లాగుతూ ఉంటాయి. అందువలన మెలితిరిగి ఉండి సరిచేయబడిన పళ్ళు అన్నింటికంటే ఎక్కువగా పాత స్థితికి మళ్ళుతాయి. నార్వేకు చెందిన కారె రైటన్ 1950, 60 దశకాలలో చేసిన పరిశోధనలు ఈ విషయాన్ని వెలుగులోకి తెచ్చాయి. ముందరి పళ్ళ మధ్య సందు మూసిన చోట, కింది ముందరి పళ్ళ ఇరుకును సరిచేసిన చోట కూడా ఈ ప్రమాదం ఎక్కువ.

వీటితో పాటు నాలుక, పెదవులు, బుగ్గల ఒత్తిడి, మిగిలి ఉన్న దవడ ఎదుగుదల, వయసుతో వచ్చే మార్పులు కూడా పళ్ళను కదుపుతాయి. జీవితంలో ఎన్నడూ క్లిప్పులు పెట్టుకోని వారికి కూడా వయసు పెరిగే కొద్దీ కింది ముందరి పళ్ళు ఇరుకవుతాయి. కాబట్టి రిటైనర్ పోరాడేది పాత వంకరతోనే కాదు, వయసుతో కూడా.

చరిత్ర

పళ్ళ వంకరలను 1899లో శాస్త్రీయంగా వర్గీకరించిన అమెరికా దంతవైద్యుడు ఎడ్వర్డ్ ఆంగిల్ కాలం నుండే, సరిచేసిన పళ్ళను నిలబెట్టటం ఒక ప్రత్యేక దశగా గుర్తింపు పొందింది. 1919లో చార్లెస్ హాలీ తీసి పెట్టుకోదగిన రిటైనర్‌ను వివరించాడు. అతని పేరుతోనే అది నేటికీ వాడుకలో ఉంది. 1970 దశకంలో పంటికి అంటించే పదార్థాలు అభివృద్ధి చెందిన తరువాత, పళ్ళ వెనుక సన్నని తీగను శాశ్వతంగా అంటించే పద్ధతి వచ్చింది. 1993లో జాన్ షెరిడాన్, అతని సహచరులు పారదర్శకమైన ప్లాస్టిక్ రిటైనర్‌ను ప్రవేశపెట్టారు.

రిటైనర్ మాన్పించిన తరువాత ఏమవుతుందనే ప్రశ్నకు అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లిటిల్ బృందం చేసిన అధ్యయనాలు ప్రసిద్ధమైనవి. చిన్న దవడ పళ్ళు తీసి చికిత్స చేసిన వారిని, రిటైనర్ ఆపిన పదేళ్ళ తరువాత పరిశీలించి 1981లో ఫలితాలు ప్రకటించారు. సుమారు మూడింట రెండు వంతుల మందిలో కింది ముందరి పళ్ళ వరుస సంతృప్తికరంగా లేదు. 1988లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఇరవై ఏళ్ళ నాటికి వరుస నిలిచిన వారు సుమారు పదో వంతు మాత్రమే. ఈ ఫలితాల తరువాత, రిటైనర్‌ను ఏడాది, రెండేళ్ళకు మానివేయవచ్చునన్న పాత అభిప్రాయం బలహీనపడింది.

రకాలు

హాలీ రిటైనర్: అంగిలికి లేదా నాలుక వైపుకు అమరే ఆక్రిలిక్ పలక, ముందరి పళ్ళ మీదుగా సాగే ఉక్కు తీగ, దవడ పళ్ళను పట్టుకునే కొక్కేలు దీనిలోని భాగాలు. గట్టిగా ఉంటుంది, వదులైతే తీగను బిగించవచ్చు, చిన్న మరమ్మతులు చేయవచ్చు. తీగ బయటకు కనబడటం, మొదటి రోజులలో మాట తడబడటం దీని లోపాలు.

పారదర్శక రిటైనర్: పళ్ళ అచ్చు మీద వేడి చేసిన ప్లాస్టిక్ రేకును పీల్చి అతికించి చేస్తారు. చూడటానికి కనబడదు, మాట త్వరగా కుదురుతుంది, ఖర్చు తక్కువ. అయితే త్వరగా అరుగుతుంది, పగులుతుంది. వేడికి వంగిపోతుంది. పగిలినదానిని అతికించలేరు, కొత్తది చేయించుకోవాలి.

స్థిర రిటైనర్: సాధారణంగా కింది దవడలో ఒక కోరపన్ను నుండి రెండవ కోరపన్ను వరకూ పళ్ళ వెనుక సన్నని పురితీగను అంటిస్తారు. రోగి జ్ఞాపకం పెట్టుకుని ధరించవలసిన అవసరం లేదు. తీగ చుట్టూ గార పేరుకోవటం, ఒక చోట ఊడినా తెలియకపోవటం దీని ఇబ్బందులు. ఊడిన పన్ను మెల్లగా పక్కకు జరుగుతుంది. అరుదుగా, ఊడకపోయినా మెలిపడిన తీగ పంటి వేరునే తిప్పివేస్తుంది. కనుక దీనిని కూడా క్రమం తప్పకుండా పరీక్ష చేయించాలి.

వీటిలో ఏది ఉత్తమమన్న ప్రశ్నకు తిరుగులేని సమాధానం లేదు. 2023లో వెలువడిన కొక్రేన్ సమీక్ష 47 అధ్యయనాలను పరిశీలించి, ఏ ఒక్క పద్ధతీ మిగిలిన వాటికంటే మేలైనదని చెప్పటానికి తగినంత నమ్మకమైన ఆధారం లేదని పేర్కొన్నది. పాత వంకర ఏ రకమైనది, చిగుళ్ళ స్థితి ఏమిటి, రోగి క్రమంగా ధరించగలడా అన్నవి చూసి వైద్యుడు నిర్ణయిస్తాడు.

ధరించవలసిన కాలం

చాలా మంది వైద్యులు మొదటి 3 నుండి 6 నెలలు భోజనానికి, పళ్ళు తోముకోవటానికి తప్ప మిగిలిన కాలమంతా ధరించమని, తరువాత రాత్రి నిద్రలో మాత్రమే ధరించమని చెబుతారు. కొందరు మొదటి నుండీ రాత్రి మాత్రమే సూచిస్తారు. వరుస చెడకూడదని కోరుకునే వారు వారంలో కొన్ని రాత్రులైనా దీర్ఘకాలం ధరించాలన్నది నేటి సాధారణ సలహా.

కొన్ని రోజులు మాని తిరిగి పెట్టుకున్నప్పుడు రిటైనర్ బిగుతుగా అనిపిస్తే పళ్ళు కొద్దిగా జరిగాయని అర్థం. పూర్తిగా కూర్చుంటే ఎక్కువ గంటలు ధరించటంతో ఆ బిగుతు తగ్గుతుంది. కూర్చోకపోతే బలవంతంగా నొక్కకూడదు. పరికరం విరగవచ్చు, పళ్ళకు హాని కలగవచ్చు. వైద్యుని వద్దకు వెళ్ళి కొత్త అచ్చు ఇవ్వటమే మార్గం.

చికిత్స తరువాత పళ్ళ వదులు

క్లిప్పులు తీసిన తొలి వారాలలో పళ్ళన్నీ స్వల్పంగా కదులుతున్నట్లు ఉండటం, గట్టి పదార్థాలు కొరికితే నొప్పి అనిపించటం సహజం. వెడల్పైన పీచు పొర కుదురుకునే కొద్దీ ఇది తగ్గుతుంది. నాలుకతో నెడుతూ, వేలితో కదిపి చూసుకుంటూ ఉంటే పళ్ళు కుదురుకోవటం ఆలస్యమవుతుంది.

దంతవైద్యులు పళ్ళ కదలికను కొలవటానికి 1950లో మిల్లర్ ప్రతిపాదించిన మూడు తరగతుల పద్ధతిని వాడతారు. సహజం కంటే ఎక్కువగా, గుర్తించదగినంత కదిలితే మొదటి తరగతి. పక్కలకు ఒక మిల్లీమీటరు వరకూ కదిలితే రెండవది. అంతకు మించి కదిలినా, పైకీ కిందికీ కదిలినా మూడవది.

ఈ క్రింది లక్షణాలు ఉంటే వేచి ఉండకుండా వైద్యునికి చూపించాలి:

* వారాలు గడిచినా వదులు తగ్గకపోవటం, లేదా పెరగటం.
* అన్ని పళ్ళూ కాక ఒకటి రెండు మాత్రమే కదలటం.
* చిగుళ్ళ నుండి రక్తం, చీము రావటం, నోటి దుర్వాసన.
* చిగురు దిగి పన్ను పొడవుగా కనిపించటం.
* నోరు మూసినప్పుడు ఒక పన్ను మిగిలిన వాటికంటే ముందుగా తగలటం.

వీటికి కారణాలు పలు రకాలు. గార వలన చిగుళ్ళ వ్యాధి ముదిరి ఎముక కరగటం ముఖ్యమైనది. చికిత్సలో పంటి వేర్ల కొనలు కొంత అరగటం మామూలే, చాలా మందిలో అది రెండు మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. కొద్దిమందిలో మాత్రం వేరు బాగా పొట్టి అవుతుంది. దీనిని ఎక్స్‌రే ద్వారా మాత్రమే తెలుసుకోగలరు. నిద్రలో పళ్ళు కొరకటం, పళ్ళు సరిగా ఆనకపోవటం కూడా వదులుకు దారితీస్తాయి. చిగుళ్ళ వ్యాధి వలన వదులైన పన్నును రిటైనర్ పట్టి ఉంచగలదు గానీ వ్యాధిని నయం చేయలేదు.

శుభ్రత, జాగ్రత్తలు

* రిటైనర్‌ను ప్రతిరోజూ చల్లని లేదా గోరువెచ్చని నీటితో, మెత్తని బ్రష్‌తో కడగాలి. వేడినీరు వాడకూడదు.
* గరుకైన పేస్టు పారదర్శక రిటైనర్ మీద గీతలు పెడుతుంది.
* తినేటప్పుడు తీసి డబ్బాలో పెట్టాలి. కాగితంలోనో, చేతిరుమాలులోనో చుట్టి పెట్టినవి చెత్తతో పాటు పోవటం తరచుగా జరిగేది.
* రిటైనర్ ధరించి కాఫీ, టీ, తీపి పానీయాలు త్రాగకూడదు. రంగు పడుతుంది, పళ్ళు పుచ్చిపోతాయి.
* స్థిర రిటైనర్ ఉన్నవారు చెరకు, గట్టి జామకాయలు ముందరి పళ్ళతో కొరకకూడదు.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో

పత్తి వ్యాపారానికి పేరుపొందిన ఆదోని, చేనేతకు పేరుపొందిన ఎమ్మిగనూరు కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ముఖ్య పట్టణాలు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన తరువాత కూడా ఇవి కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి. కర్నూలు నగరం ఎమ్మిగనూరుకు సుమారు 65, ఆదోనికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆర్థోడాంటిక్స్ విభాగాలు గల దంతవైద్య కళాశాలలలో ఈ ప్రాంతానికి దగ్గరగా ఉన్నవాటిలో కొన్ని కర్నూలులోని జి. పుల్లారెడ్డి దంతవైద్య కళాశాల, రైలు మార్గాన ఆదోనికి అందుబాటులో ఉన్న కర్ణాటకలోని రాయచూరు కళాశాలలు.

రిటైనర్ విషయంలో ఈ దూరానికి ప్రాధాన్యం ఉంది. క్లిప్పులు ఉన్నంత కాలం నెలకొకసారి తప్పక వెళ్ళేవారు కూడా, అవి తీసిన తరువాత ఒక తీగ ఊడిందని ఒక రోజు పని, కూలి, బస్సు ఛార్జీ వదులుకుని వెళ్ళటానికి వెనుకాడే అవకాశం ఉంది. పైగా క్లిప్పులు తీసే వయసు చాలా మందికి ఇంటర్మీడియట్‌కో, డిగ్రీకో వేరే ఊరి వసతిగృహానికి వెళ్ళే వయసు. పశ్చిమ మండలాల నుండి గుంటూరు మిరప చేలకూ, బెంగుళూరు నిర్మాణ పనులకూ కుటుంబాలు ఏటా వలసపోవటం కూడా ఉన్నదే. అందుచేత ఊరు విడిచి వెళ్ళే ముందు రిటైనర్‌ను పరీక్ష చేయించుకోవటం, వీలైతే పళ్ళ అచ్చును భద్రపరచుకోవటం, రెండవ రిటైనర్ చేయించి ఉంచుకోవటం మేలు.

ఈ ప్రాంతపు వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఎండలో నిలిపిన వాహనంలోనో, రేకుల కప్పు కింద కిటికీ పక్కనో వదిలిన పారదర్శక రిటైనర్ ఆకారం మారి పళ్ళకు అమరకుండా పోవచ్చు.

జిల్లాలోని కొన్ని గ్రామాల భూగర్భజలంలో ఫ్లోరైడు హెచ్చుగా ఉంది. భారత ప్రమాణాల ప్రకారం త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకూ అనుమతిస్తారు. పళ్ళు ఏర్పడే బాల్యంలో హెచ్చు ఫ్లోరైడు నీరు త్రాగిన వారి పళ్ళపై తెల్లని, గోధుమ రంగు మచ్చలు ఏర్పడతాయి. అటువంటి పింగాణీ పొర, తీగను అంటించే ముందు పూసే ఆమ్లానికి సరిగా లొంగదు. అందువలన స్థిర రిటైనర్ ఊడిపోయే అవకాశం హెచ్చు. పంటి వెనుక తీగ అంటించుకున్న వారు ఈ సంగతిని దృష్టిలో పెట్టుకుని తరచుగా పరీక్ష చేయించుకోవాలి.

పొగాకు, గుట్కా నమిలే అలవాటు చిగుళ్ళను దెబ్బతీస్తుంది. చికిత్స తరువాత ఇంకా కుదురుకోని పళ్ళకు ఇది మరింత హాని.

అపోహలు

* జ్ఞానదంతాలు నెట్టటం వలననే ముందరి పళ్ళు తిరిగి వంకరవుతాయని చాలా మంది నమ్ముతారు. దీనికి బలమైన ఆధారం లేదు. ఈ ఒక్క కారణంతో వాటిని తీయించుకోవటం అవసరం కాదు.
* పళ్ళు కదులుతున్నాయి కాబట్టి రిటైనర్ మానాలనుకోవటం పొరపాటు. సహజమైన వదులు ఉన్న కాలంలోనే రిటైనర్ అవసరం ఎక్కువ.
* ఒకరి రిటైనర్ మరొకరికి పనికిరాదు. అది ఆ నోటి అచ్చుకు మాత్రమే చేసినది.

ఇవి కూడా చూడండి

* దంతాలు
* చిగుళ్ళ వ్యాధి
* ఫ్లోరోసిస్
* ఆదోని
* ఎమ్మిగనూరు