దస్త్రం ఎవరి చేతిలో ఉంది?

జగదేవ్‌పూర్‌కు ఒక పక్క గజ్వేల్, మరో పక్క భువనగిరి. ఈ నడుమ ఊళ్లలో న్యాయం గురించి ఎక్కడ మాట మొదలుపెట్టినా అది భూమి దగ్గరికి వస్తుంది, భూమి నుంచి కాగితం దగ్గరికి వస్తుంది. నూటాయాభై ఏళ్లలో ఇక్కడ పాలన ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టడం కన్నా, ఊరి లెక్కలు ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయాయో చూస్తే అసలు చరిత్ర అర్థమవుతుంది.

శిస్తు వసూలును గుత్తకిచ్చే పద్ధతిని మాన్పించి, 1865లో నిజాం దివాన్ మొదటి సాలార్‌జంగ్ జిల్లాల వారీ పాలన పద్ధతి అయిన జిలాబందీ తెచ్చాడు. సర్కారుకు రాబడి కుదురుకుంది. ఊళ్లో మాత్రం పెత్తనం వంశపారంపర్య వతన్‌దార్లదే. మాలీ పటేల్ శిస్తు వసూలు చేస్తాడు, పోలీసు పటేల్ ఊరిని అదుపులో ఉంచుతాడు, పట్వారీ లెక్క రాస్తాడు. చదువురాని రైతుకు పట్వారీ రాసిందే సత్యం. పైన దొర, కింద వెట్టి.

దీని మీద తిరుగుబాటుకు అప్పటి మెదక్ జిల్లాలోనే ఒక తొలి మెట్టు ఉంది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. 1944 భువనగిరి మహాసభ నాటికి నాయకత్వం రావి నారాయణరెడ్డి వర్గానికి వచ్చింది, వెట్టి, కౌలు, బేదఖలు (భూమి నుంచి వెళ్లగొట్టడం) ముందు వరుసకు వచ్చాయి. ఆ తర్వాతి సాయుధ పోరాటంలో జనం గడీల మీద పడ్డప్పుడు అప్పు పత్రాలను తగలబెట్టారు. తమను కట్టేసింది ఆ రాతేనని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారును గుర్తించింది. దేశంలోనే మేలైన చట్టాల్లో అదొకటి. కానీ కౌలు రాయాల్సింది మళ్లీ పట్వారీయే. ఎందరో కౌలుదార్లు బెదిరింపులకు లొంగి భూమి వదులుకున్నారు, కాగితంలో అది ఇష్టపూర్వకం అయింది. 1973 భూ గరిష్ఠ పరిమితి చట్టం తరికి 10 నుంచి 27 ఎకరాలు, మెట్టకు 35 నుంచి 54 ఎకరాలు హద్దు పెట్టింది. బినామీ పేర్లతో చాలా భూమి ఆ హద్దు దాటిపోయింది.

1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది, వెంటనే మండలాలు వచ్చాయి. ఆఫీసు జనానికి దగ్గరైంది. 73వ రాజ్యాంగ సవరణ, 1994 పంచాయతీరాజ్ చట్టం దళితులకు, గిరిజనులకు, బీసీలకు, ఆడవాళ్లకు సర్పంచ్ కుర్చీ తెరిచాయి. పటేళ్ల ఊళ్లో ఇది చిన్న మార్పు కాదు.

అయితే నా దృష్టిలో అసలు మలుపు ఉపాధి హామీ సామాజిక తనిఖీ. ఉమ్మడి రాష్ట్రం 2006 నుంచి దీన్ని పెద్ద ఎత్తున నడిపింది. తనిఖీ బృందం కూలీల హాజరు పట్టీ అయిన మస్టర్ పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది. ‘నీ పేరు మీద ఆరు రోజుల కూలి రాసి ఉంది, పనికి పోయినవా అమ్మా?’ అని అడుగుతుంది. తేడాలను మండల ప్రజావేదికలో అందరి ముందూ చదువుతారు, అధికారి అక్కడే జవాబు చెప్పాలి. అక్రమాలన్నీ ఆగలేదు, తేలిన సొమ్మంతా వసూలు కాలేదు. అయినా లెక్క అడిగే హక్కు కూలికి వచ్చింది.

భూమి లెక్క మాత్రం వేరే దారి పట్టింది. ఊరి భూమి లెక్క రాసే పాత పహాణీలో పట్టాదారు పేరుతో పాటు అనుభవదారు కాలమ్ ఉండేది. దున్నేవాడి జాడ అక్కడే. 2020లో వచ్చిన భూ రికార్డుల పోర్టల్ ధరణిలో ఆ కాలమ్ లేదు. 2018లో మొదలైన రైతుబంధు పెట్టుబడి సాయం పట్టాదారుకే అందింది. సాగు చేసి, అప్పు తెచ్చి, నష్టం మోసిన కౌలు రైతుకు దక్కలేదు. 2011లోనే కౌలుదార్లకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం చేసిన నేల మీద ఇలా జరిగింది. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది.

ఓటు హక్కు, రిజర్వేషన్, పరిమితి చట్టం అన్నీ అవసరమే. కానీ రాసేవాడొకడు, బతికేవాడొకడు అయినంత కాలం అవి సగమే పనిచేస్తాయని ఈ చరిత్ర పదేపదే చెబుతోంది. అందుకే ఏటా రెండు పంటలకూ గ్రామసభలో పహాణీ చదవాలి. ఏ సర్వే నంబరులో ఎవరు దున్నుతున్నారో ఊరంతా విని ఒప్పుకున్నాకే అది ఖరారు కావాలి. మస్టర్‌కు చేయగలిగిన పనిని భూమికి చేయలేకపోవడానికి కారణం లేదు.