కరువు పంక్తిలో చోటెవరికి?

రాయలసీమ పల్లెలలో పూర్వము ముసలివారు తమ పుట్టుక లెక్క చెప్పవలసివచ్చినచో శకములను, సంవత్సరముల అంకెలను పట్టించుకొనెడివారు కారు. ధాత కరువునకు ముందు పుట్టితిమనియో, తరువాత పుట్టితిమనియో చెప్పెడివారు. ధాత నామ సంవత్సరమనగా 1876. ఆ యేట రెండు ఋతుపవనములును మొగము చాటువేసినవి. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు మాడిపోయినవి. 1871 జనాభా లెక్కలలో తొమ్మిది లక్షలకు పైబడియున్న కర్నూలు జిల్లా జనము, 1881 నాటికి ఏడు లక్షలకు లోబడినది. చచ్చినవారెందరో, లేచిపోయినవారెందరో శ్రోతలే ఊహించుకొనవచ్చును.

కరువులను గూర్చి మాటాడునపుడు మనము వానలను, చెరువులను, ధరలను తలచెదము. అవియన్నియు నిజమే. కాని ఈనాడు మేము వేరొక సంగతిని ముచ్చటింపదలచితిమి. ఆకలి తీర్చు ప్రయత్నము జరిగినచోట ఆ ప్రయత్నము ఎవరిని చేరినది? ఎవరిని దాటిపోయినది?

ప్రభుత్వము ఏమియు చేయలేదనుట సరికాదు. మద్రాసు గవర్నరుగా నుండిన బకింగ్‌హామ్ ప్రభువు కరువు పనులను తెరపించెను. లక్షల జనము రాళ్లు కొట్టి, రోడ్లు వేసి కూలి తెచ్చుకొనిరి. ఇంతలో 1877 జనవరిలో రాజప్రతినిధి లిట్టన్ ప్రభువు పంపగా సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చెను. ఖర్చు మితిమీరినదని ఆయన తీర్పు. రోజంతయు పనిచేసిన పురుషునకు ఒక పౌను ధాన్యము, దానిపై కొద్దిపాటి పైకము చాలునని ఆయన నిర్ణయించెను. స్త్రీలకు, పిల్లలకు అంతకన్నను తక్కువ. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిష్ దీనికి ఎదురు తిరిగెను. జైలులో ఖైదీకి పెట్టు తిండితో పోల్చి చూపి, ఇది మనిషి నిలుచు తిండి కాదని వాదించెను. అప్పటి అధికారుల వ్రాతలలో ఇంత సూటియైనది అరుదు. కొన్ని నెలలకు కూలి కొంత పెరిగినది. ఆలోపల పోయినవారు పోయిరి.

అయినను కూలి చాలకపోవుట ఒక్కటే అన్యాయము కాదు. పని దొరకు చోటికి నడచిపోగలవానికే కూలి. ముసలివారు, నిండు చూలాండ్రు, కాలు చేయి ఆడనివారు, ఘోషా స్త్రీలు ఎక్కడికి పోవుదురు? సాలెవాని సంగతి చూడుడు. జీవితమంతయు సన్నని నూలుతో పనిచేసిన వ్రేళ్లకు సుత్తి ఇచ్చి కంకర కొట్టుమనిన, కరువు తీరిన పిమ్మట ఆ వ్రేళ్లు మగ్గమునకు పనికివచ్చునా? కండబలము గలవాని కొలతతో కుట్టిన చొక్కాను అందరును తొడుగుకొనవలెననుట వంటిది ఆ ఏర్పాటు. లోపమును కొందరు గుర్తింపకపోలేదు. 1877 ఆగస్టులో మద్రాసు పౌరులు సభచేసి లండను నగరమునకు తంతినిచ్చిరి. అక్కడ లక్షల పౌనుల చందాలు ప్రోగైనవి. సర్కారు సాయము చేరనివారికి, అనాథలకు, బట్టలేనివారికి, ఇల్లు కప్పుకొనవలసినవారికి ఆ ధనము నుద్దేశించిరి. మద్రాసు పత్రికా సంపాదకుడు విలియం డిగ్బీ ఆ సంఘమునకు కార్యదర్శిగా పనిచేసి, 1878లో ఆ కరువు చరిత్రను గ్రంథముగా వెలయించెను.

ఇక కులము. ఇది దాటవేయరాని విషయము. ధాత కరువునకు పదేండ్లు ముందు, 1866లో, ఒరిస్సాలో ఘోరమైన కరువు వచ్చినది. ప్రాణము నిలుపుకొనుటకు సత్రములలో వండి పెట్టిన అన్నము తిన్నవారిని, కరువు తీరిన పిదప తమ కులమువారే పంక్తిలోనికి రానీయలేదు. వారు ‘ఛత్రఖియా’ లను వేరొక కులముగా మిగిలిపోయిరి. సత్రములో తిన్నవారని ఆ పేరునకు అర్థము. తిండి దొరికినది, బంధువులు పోయిరి! ఇట్టి భయముచేతనే మన జిల్లాలలోను వండిన గంజి వద్దని గింజలడిగినవారు, ఏదియు తీసుకొనక ఇంట తలుపు మూసికొని పడియున్నవారు కలరు. వారిని మూర్ఖులనుట మనకు తేలిక. కులభ్రష్టునకు పిల్ల నిచ్చువాడెవడు, శవము మోయువాడెవడు? అసలు ఏ పంక్తిలోను చోటులేక, దూరముగా నిలిచి దోసిలి పట్టవలసినవారి గతి ఇంకొక మెట్టు క్రింద. వారికి కోల్పోవుటకు పంక్తియే లేదు.

1880లో కరువు కమిషను నివేదిక, ఆ వెనుక కరువు నిబంధనలు వచ్చినవి. పనిచేయలేనివారి పట్టీని గ్రామములోనే తయారుచేయవలెనన్నారు. మంచిదే. కాని కలము కరణము చేతిలో, మాట రెడ్డి నోటిలో. పట్టీలో పేరెక్కవలసిన బీదవానికి ఆ రెండింటిలో ఏదియు లేదు.

నూరేండ్లు గడచిన తరువాత ఈ చిక్కునకు ఒక జవాబు మెదకు సీమలో, జహీరాబాదు చుట్టుప్రక్కల పల్లెలలో దొరికినదని మా యభిప్రాయము. 1983 నుండి అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అను సంస్థ తోడ్పాటుతో స్త్రీల సంఘములు ఏర్పడినవి. సభ్యులలో పెక్కుమంది దళిత స్త్రీలు. 1990 ప్రాంతపు దశకములో వారు బీడుపడిన నేలలను సాగులోనికి తెచ్చుటకు రైతులకు పెట్టుబడి నిచ్చిరి. అప్పును రూపాయలలో గాక జొన్నలలో తీర్చవలెను. ఆ జొన్నలను ఊరిలోనే నిలువచేసి, బీదలకు చౌకగా అమ్మిరి. రేషను బియ్యము ఎక్కడి నుండియో వచ్చును. ఈ జొన్న ఊరి నేలలో పండినది, ఊరి నోటికి ఎరుగైనది. అన్నింటికంటె మమ్ము ఆకర్షించినది పట్టీ వేసిన తీరు. ఊరివారందరు కూడి, ఏ ఇంట ఎంత లేమియున్నదో బహిరంగముగా చర్చించి తేల్చిరి. ఎవరి ఇంట పొయ్యి ఎన్ని నాళ్లు వెలుగలేదో ఇరుగుపొరుగునకు తెలియనిదా? ధాన్యమును కొలుచు చేయి, పట్టీని నిర్ణయించు నోరు ఒకప్పుడు దూరముగా నిలువబెట్టబడినవారివే అగుట చరిత్రలో చిన్న మార్పు కాదు.

బడిపిల్లల మధ్యాహ్న భోజనము విషయమున సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న వండిన అన్నమే పెట్టవలెనని ఉత్తర్వు చేసినది. 2004 ఏప్రిల్ 20 నాటి ఉత్తర్వులో వంటవారి నియామకమందు దళితులకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి ప్రాధాన్యమీయవలెనని చెప్పినది. ఒరిస్సా సత్రముల నాటినుండి అప్పటికి 138 ఏండ్లు. ఉత్తర్వు వెలువడిన పిదపను, దళిత స్త్రీ వండినదని పిల్లలను బడి మానిపించిన తల్లిదండ్రుల వార్తలు పత్రికలలో ఒకటికి పదిసార్లు వచ్చినవి. ఆ స్త్రీలలో కొందరు పొయ్యి విడువక, మరునాడు కూడ అదే గరిటెతో అన్నము వడ్డించిరి.